చీటీ తెరుసుకోవాలె

సోమవారం నాడు మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా బల్ల పక్కకు కుర్చీ లాక్కుని, "మేడం, కోరుట్ల సైటు మళ్ళ కొత్తగ కట్టాలంటున్నరు కదా, ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకుందాం?" అని అడిగింది. అడిగి ఊరుకుంటే బాగుండేది. మూడు పేర్లు చెప్పి, మూడింటి తరఫునా తనే వకాల్తా పుచ్చుకుని, తీర్పు కూడా తనే చెప్పబోతూ మధ్యలో ఆగిపోయింది.

"వేళ్ళు నొస్తున్నయా మేడం?"

చూసుకున్నాను. నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కంటికి కనపడని దారమేదో మెలిపెడుతున్నట్టు. ఆ అలవాటు నాది కాదు, మా సార్‌ది. ఆయన పోయారన్న కబురు నాకు ఆలస్యంగా, నాలుగు రోజుల కిందటే తెలిసింది. పని ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకుని ఏడవకుండా తిరుగుతున్నాను. వేళ్ళు మాత్రం నా మాట వినలేదు.

ఇవాళ జగిత్యాలలో మేం ముగ్గురం కలిసి ఒక చిన్న ఆఫీసు పెట్టుకుని, అడిగినవాళ్ళకు వెబ్‌సైట్లు కట్టిపెడుతున్నాం. నా మటుకు నాకు ఇదంతా సార్ చలవే. ఆయన కోరుట్లలో, బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక విత్తనాల దుకాణం మీద కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన ముక్కు బద్దలు కొట్టేది. కింద పక్కగదిలో జిరాక్స్ దుకాణం. పైన ఆరు కంప్యూటర్లు, పదిమంది పిల్లలం, ఒక టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను ఎప్పుడూ మా వైపే తిరిగి ఉండేది.

ముందు ఆ వేళ్ళ సంగతి చెప్పాలి. కంప్యూటర్ల జోలికి రాకముందు సార్ సిరిసిల్లలో పదేళ్ళు పోగులు అతికారు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. నిలువు పోగులు చుట్టి ఉండే పెద్ద కడ్డీని భీము అంటారు. ఒక భీము అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసల్ని సాంచలోంచి తీసెయ్యరు. వాటిని అలాగే ఉంచి, కొత్త భీము పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. వేలికి ఇంత బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, మెల్లగా ఒకసారి గుంజి చూసి, తర్వాతి పోగుకు పోతారు. అన్నీ అతికాక పాత పోగులే కొత్తవాటిని సాంచలోకి లాక్కుపోతాయి. సార్ ఆలోచనలో పడితే చాలు, ఆ రెండు వేళ్ళూ వాటంతటవే కదిలేవి. ఎవరైనా నవ్వితే జేబులో పెట్టుకునేవారు. జేబులో కూడా కదిలేవి.

మాది రుద్రంగి. మా అమ్మ బీడీలు చుట్టేది, నాట్లప్పుడు కూలికి పోయేది. ప్రతి సోమవారం పొద్దున సార్ సిరిసిల్లలో ఎక్కిన బస్సే మా ఊరి మీదుగా కోరుట్ల పోయేది. బస్సు కిక్కిరిసి ఉన్నా ఆయన పక్క సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, పరిచి ఉండేది, నా కోసం. ఎవరైనా కూర్చోబోతే, "రుద్రంగిల ఒక బిడ్డ ఎక్కుతది, ఆమె నోటికి మీరు తట్టుకోలేరు" అని లేపేవారట. మొదటిరోజు నేనెవరో తెలుసుకుని, "బీడీలు చుట్టేటోళ్ళ బిడ్డవా? అయితే నీ వేళ్ళకు ఓపిక ఉంటది" అన్నారు. "నా వేళ్ళకు ఉంటది గని నాకుండదు సార్" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. అది నిజమని తర్వాత ఇద్దరికీ తెలిసొచ్చింది.

పాఠం చెప్పడంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. "సార్, వస్తలేదు" అని ఎవరన్నా అంటే కదిలేవారు కాదు. "రానిది ఇడిసిపెట్టు. ఏమొస్తున్నదో అది చెప్పు" అనేవారు. స్క్రీను మీద వచ్చిందాన్ని అక్షరం అక్షరం చదివి వినిపించాలి. సగం చదివేసరికి తప్పు మనకే కనపడేది. నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే ప్రతిసారీ నాకు కనపడేది.

ఇక ఫ్రేమ్‌వర్క్ గోల. వెబ్‌సైటు కట్టేవాళ్ళకు ఫ్రేమ్‌వర్క్ అంటే ముందే బిగించి పెట్టిన సాంచ అనుకోండి, మన బట్ట మనం నేసుకోవడమే మిగిలిన పని. ఏది మంచిదన్న దాని మీద మా వాళ్ళు సినిమా హీరోల కోసం కొట్టుకున్నట్టు కొట్టుకునేవారు. సార్‌ని అడిగితే జవాబు చెప్పేవారు కాదు. సొరుగు లాగి, ఈ మూల నుంచి ఆ మూలకు అద్దం పగిలిన ఒక పాత ఫోను తీసి బల్ల మీద పెట్టేవారు. దుబాయి నుంచి వచ్చినాయన ఎవరో వదిలేసి పోయిన ఫోను అది. దాని పేరు పెద్దమనిషి.

"నన్నెందుకు అడుగుతవ్, పెద్దమనిషిని అడుగు."

మేం చేసిన సైటును ఆ ఫోన్లో తెరిచి, చాయ్ గ్లాసు అందుకునేవారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు పేజీ వస్తే గెలిచినట్టు. రాకపోతే, "పెద్దమనిషి ఒప్పుకుంటలేడు బిడ్డా" అని ఫోను మళ్ళీ సొరుగులో పెట్టేసేవారు. ఎంత మంచి రంగులు వేసినా, ఎన్ని బొమ్మలు ఎగిరినా లాభం లేదు. చాయ్ మెల్లగా తాగమని బతిమాలిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో నేనొకదాన్ని.

కోరుట్లలో కొందరు కలిసి, గల్ఫ్‌లో చిక్కుకుపోయినవాళ్ళ కోసం ఒక కమిటీగా పనిచేసేవారు. వాళ్ళకు సార్ ఒక సైటు చేసిపెట్టారు. కష్టంలో ఉన్న ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఫోటో, సొంత ఊరు, అక్కడ ఎక్కడున్నాడు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది, కాగితాలు ఎంతవరకు వచ్చాయి, ఎప్పుడు ఎక్కడికి పోవాలి, అన్నీ అందులో ఉండేవి. ఆ పేజీ తెరిచే క్యూఆర్ గుర్తును జిరాక్స్ దుకాణం భాయ్ ఒక చీటీ మీద కొట్టి, లామినేషన్ చేసి, ఇంటివాళ్ళ చేతిలో పెట్టేవాడు. అలాంటిదే ఇంకొకటి ఎట్లాగో అక్కడి మనిషికి చేరేది, మంచం పక్క గోడకు అంటించుకునేవాడు. ఫోన్లు పోతాయి, సిమ్ములు మారతాయి, చీటీ ఉంటుంది. అక్కడ సెలవు శుక్రవారం. సొంత ఫోను లేనివాడు కూడా ఆ రోజు పక్కమంచం అతని ఫోను అడుక్కుని చీటీ మీద పెట్టి చూసుకునేవాడు.

సైటు చూడటానికి మాత్రం ఘోరంగా ఉండేది. పాచిరంగు మీద ఎర్ర అక్షరాలు అటూ ఇటూ పరుగెత్తేవి. ఫ్రేమ్‌వర్కూ లేదు, పాడూ లేదు, ప్రతి పేజీ సార్ చేత్తో రాసిందే. దాన్ని కొత్తగా చెయ్యమని కమిటీ అడిగితే సార్ ఆ పని నాకు అప్పగించారు. నా మొదటి సొంత పని. ఇది బాగా చేస్తే జగిత్యాలలో ఉద్యోగం, లేకపోతే అమ్మ పక్కన తునికాకు కత్తిరించడం. ఆ రోజుల్లో అందరి నోళ్ళలో నానుతున్న ఫ్రేమ్‌వర్కే తీసుకున్నాను. పేజీల అడ్రసులు కూడా పాత నంబర్లు తీసేసి, పేర్లతో ముద్దుగా పెట్టాను. సార్ నా వెనక నిలబడి చూశారు.

"మంచిగ కడుతున్నవ్. కని బిడ్డా, పాతదాని కొసలు యాడయాడ ఉన్నయో చూసినవా?"

"పాతది మొత్తం తీసేస్తున్న సార్. ఇగ కొసలేంది?"

"భీము ఒడిసిందని సాంచల పోగులన్ని గుంజి పారేస్తరా ఎవలన్న?"

"సార్, గిది సాంచ కాదు. సైటు."

ఆయన వేళ్ళు కదిలాయి. "పెద్దమనిషిని ఒకసారి అడుగు మరి" అని మాత్రం అన్నారు. నేను అడగలేదు. ఆ పనేదో చేసేటప్పుడు ఆయన లేకపోతేనే మంచిదని, బుధవారం ఆయన సిరిసిల్లలో ఉండగా పాత సైటు తీసేసి కొత్తది పెట్టేశాను. నా లాప్‌టాప్‌లో అది మిలమిలా మెరిసింది. మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముత్యంపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిందట, మొహమంతా చెమట. సార్ అప్పుడే బస్సు దిగి వచ్చి కూర్చున్నారు. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి చీటీ బల్ల మీద పెట్టింది.

"చెల్లె, మా చీటీ సచ్చిపోయింది."

"ఏమొస్తున్నదక్కా?" అన్నాను. ఆ ప్రశ్న నాకు అప్పటికి అలవాటైపోయింది.

"ఏమొస్తలేదు. తెల్లగ వస్తున్నది. నాయం చెప్పు చెల్లె, మా ఇంటాయనకు ఏమన్న అయ్యిందా? మనిషి లేకుంటే పేజీ తీసేస్తరంట కదా."

అడ్రసులు మార్చినప్పుడు పాత చీటీలన్నీ చచ్చిపోతాయని నాకు తట్టనే లేదు. రెండేళ్ళుగా ఆమె భర్త పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున ఫలానా ఆఫీసుకు వస్తే ఇంటికి పంపే కాగితం ఇస్తారని కమిటీవాళ్ళు అతని పేజీలో రాశారు. అతనికి ఫోను లేదు. మర్నాడు శుక్రవారం ఎవరి ఫోన్లోనో చీటీ తెరిచి చూస్తేనే తెలుస్తుంది. చీటీ మీద నంబరు ఉంది కాబట్టి, ఆ పాత అడ్రసు కొట్టినవాళ్ళు కొత్త పేజీకి చేరేట్టు నేను రెండు నిమిషాల్లో కలిపేశాను. భర్త ఫోటో తెర మీదికి రాగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత నా తల నిమిరి పోయింది. ఆ నిమరడం చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

అమ్మయ్య అనుకుని నేను బ్యాగు సర్దుకుంటుంటే సార్ అన్నారు:

"కూసో బిడ్డా. గామె మెట్లెక్కి అచ్చింది గనుక మనకెరుకైంది. ఎక్కిరానోళ్ళ సంగతేంది? రేపు శుక్రారం."

ఆయన కసిరి ఉంటే బాగుండేది, నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. కూర్చున్నాను. నా తెలివి అప్పటికీ చావలేదు. పేర్లను బట్టి పాతవీ కొత్తవీ అన్నీ ఒకేసారి కలిపేసే ప్రోగ్రాం ఒకటి రాసేశాను. సార్ పెద్దమనిషిని తీసి ఒక పాత చీటీ మీద పెట్టారు. మా రుద్రంగి మనిషి చీటీకి మెట్‌పల్లి మనిషి మొహం వచ్చింది. ఇద్దరి పేరూ ఒకటే.

"గిది చూస్తె గా ఇంటోళ్ళకు ఎట్లుంటదో చెప్పు" అన్నారు సార్. నేను రాసిందంతా చెరిపేశాను.

ఇక చేత్తోనే. ఆయన పాత సైటు నకలు ముందు పెట్టుకుని నంబరు, పేరు, ఊరు చదివేవారు. ఇద్దరం ఫోటో పోల్చుకునేవాళ్ళం. నేను పాత అడ్రసును కొత్తదానికి కలిపేదాన్ని. ఆయన పెద్దమనిషిలో తెరిచి చూసేవారు. మొహం సరిగ్గా వస్తే "పడ్డది" అనేవారు. పోగు అతికి గుంజి చూశాక సిరిసిల్లలో అనే మాటట అది. సాయంత్రం దాకా అదే పని, శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి మళ్ళీ అదే పని. పేరు తెలిసి మొహం గుర్తుపట్టలేనప్పుడు కింద నుంచి జిరాక్స్ భాయ్‌ని పిలిచేవాళ్ళం. లామినేషన్ చేసిన ప్రతి మొహం అతనికి గుర్తే. ఎన్ని వందలసార్లు "పడ్డది" విన్నానో నాకు తెలియదు. మధ్యలో ఎక్కడో నా విసుగు పోయింది. మొహాలు ఒక్కొక్కటీ వస్తుంటే ప్రతిదానికీ ఒక ఇల్లు ఉందని అప్పుడే నిజంగా తెలిసింది నాకు.

చివరికి ఒకటో నంబరు మిగిలింది. అన్నిటికంటే పాతది. సాంచ పక్కన నిలబడ్డ ఒకాయన ఫోటో, మసకగా. కమిటీ ఇచ్చిన కొత్త జాబితాలో ఆ పేరు లేదు.

"గిది ఇడిసిపెడదామా సార్? ఎవరు చూస్తున్నట్టు లేరు."

ఆయన వేళ్ళు కదిలాయి. "గదాన్ని సుత అతుకు. ఒక పేజీ చెయ్యి. కింద రాసేది నేను చూసుకుంట."

ఎవరని అడగాల్సింది. నేను అలసిపోయి ఉన్నాను, అడగలేదు. పేజీ చేసి కలిపాను. ఆయన తెరిచి చూశారు కానీ "పడ్డది" అనలేదు. అప్పటికి పన్నెండు కావస్తోంది, అక్కడ ఇంకా పొద్దున్నే. నమాజుకు పోతూ భాయ్ మెట్ల కింద నుంచి, "అయ్యిందా సార్?" అని అరిచాడు. "అయ్యింది భాయ్, దువా చెయ్యి" అన్నారు సార్.

ఇరవై రోజుల తర్వాత ముత్యంపేట ఆమె మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి వెనక ఒక మనిషి, చేతిలో ఖర్జూరాల డబ్బా. అతను శుక్రవారం చీటీ చూశాడు, ఆదివారం ఆ ఆఫీసుకు పోయాడు, కాగితం తీసుకున్నాడు. "ఇగ చీటీ వాపసు ఇయ్యాల్నా సార్?" అని అడిగాడు. "ఉంచుకో" అన్నారు సార్, ఖర్జూరం గింజ ఎక్కడ పడెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని. నేను అవతలి గదిలోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

సైటు మాత్రం ఇంకా బరువుగానే ఉండేది, గ్లాసు ఖాళీ అయినా తెరుచుకునేది కాదు. ఆ నెలలోనే దాన్ని ఇంకో తేలికైన ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాను. ఈసారి అడ్రసు ఒక్కటి కూడా కదలలేదు. పేజీ తెరుచుకునేసరికి సార్ గ్లాసులో ఇంకా సగం ఉంది. "గిప్పుడు ఒప్పుకున్నడు" అన్నారు. నాకు జగిత్యాలలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేరోజు పెద్దమనిషిని దస్తీలో చుట్టి నా చేతిలో పెట్టారు. వద్దన్నాను. "నా కాడ ఇంకొకటున్నది" అన్నారు. లేదని నాకు తెలుసు.

ఆ సోమవారం మా ఆఫీసు కొత్త అమ్మాయికీ అదే ఫోను తీసి ఇచ్చాను. నన్ను వింతగా చూసింది. వారం తిరిగేసరికి ఆమె చెప్పిన మూడు పేర్లలో రెండు పెద్దమనిషి దగ్గర ఓడిపోయాయి. శనివారం సాయంత్రం తనే వచ్చి, "మేడం, పాత చీటీలు ఎన్నున్నయో ముందు లెక్క తీద్దామా?" అంది. నాకు ఆ మాట పట్టడానికి ఎంత అవమానం కావలసి వచ్చిందో ఆమెకు చెప్పలేదు.

ఆదివారం సిరిసిల్ల పోయాను, ఇంటివాళ్ళను పలకరించడానికి. సార్ పెళ్ళి చేసుకోలేదు. అన్న ఇంట్లోనే ఉండేవారు. సందు మలుపులోనే సాంచాల చప్పుడు వినపడింది. వాళ్ళ వదిన తలుపు తీసి, నన్ను కాసేపు చూసింది.

"నువ్వు రుద్రంగి బిడ్డవా? బస్సుల దస్తేసి సీటు ఆపేటిది నీకేనా?"

అక్కడే నా ఏడుపు కట్ట తెగింది. ఆమె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చాయ్ పెట్టి తెచ్చింది. ఓదార్చడానికి పోయినదాన్ని ఓదార్పించుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమె అద్దం వెనక నుంచి ఒక చీటీ తీసింది. లామినేషన్ పసుపెక్కి, అంచులు విచ్చుకుపోయింది.

"సైటు మళ్ళ మారుస్తున్నరంట కదా బిడ్డా. నా చీటీ సస్తదా?"

తీసుకుని చూశాను. ఒకటో నంబరు.

"ఈ ఫోటోలాయన...?"

"మా ఇంటాయన. మీ సార్‌కు అన్న. సాంచాలు బందైన యేడు గల్ఫ్ పోయిండు. రెండేండ్లు ఫోన్ చేసిండు, ఎన్క ఫోనే లేదు. గాయిన యాడున్నడో దేవులాడనీకే మీ సార్ పోగులు అతుకుడు ఇడిసి కంప్యూటర్ నేర్సుకున్నడు. ముందుగాల్ల చేసిన పేజీ గిదే. గది చూసి కోరుట్లోళ్ళు మాకు సుత చెయ్యమన్నరు."

ఫోన్లో తెరిచాను. ఫోటో కింద సార్ రాసిన మాటలు, ఒక్కో ఏడాదికి ఒక్కో వరుస. అన్నా, చిన్నోని పెండ్లి అయ్యింది. అన్నా, సాంచాలు మళ్ళ నడుస్తున్నయి. అన్నా, వదిన కంటి ఆపరేషన్ మంచిగైంది. ప్రతి వరుస చివరా, ఇంటికి దారి చెప్తున్నట్టు, ఒకే మాట ఉంది: ఇల్లు గదే, తొవ్వ గదే. దీన్ని వదిలేద్దామా అని ఆ రోజు ఆయన మొహం మీదే అడిగాను నేను.

"శుక్రారం శుక్రారం తెరిసి చూస్త" అంది ఆమె. "ముత్యంపేటాయన రాలేదా? మీ రుద్రంగాయన రాలేదా? గంతమందికి దొరికిన తొవ్వ ఈయినకు దొరకదా. కని బిడ్డా, ఇగ గిండ్ల ఎవలు రాస్తరు?"

"నేను రాస్త పెద్దమ్మా. చీటీ సావది. ఏది మారినా మీ చీటీ తెరుసుకుంటది."

ఆమె చెప్పింది, నేను రాశాను. నీ తమ్ముడు పోయిండు. ఆఖరి దినాలల్ల సుత నీ ముచ్చటే తీసిండు. మేం మంచిగున్నం. నువ్వు రా. అక్కడ ఆగింది. ప్రతి వరుసకూ ఉండే ఆ చివరి మాట ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు కాబట్టి అది కూడా రాశాను.

తర్వాత బ్యాగులోంచి దస్తీ మూట విప్పి పెద్దమనిషిని తీశాను. గుంజి చూడాలి కదా. పగిలిన అద్దాన్ని ఆ పసుపెక్కిన చీటీ మీద పట్టుకున్నాను. ఆమె పక్కకు జరిగి వంగి చూసింది. నా చాయ్ నేను ఇంకా ముట్టనైనా లేదు, పేజీ వచ్చేసింది. సాంచ పక్కన నిలబడ్డ మనిషి, కింద ఇప్పుడే రాసిన మాటలు.

ఆ రోజు సార్ అనకుండా మింగిన మాట నేనే అన్నాను.

"పడ్డది."